ముసురులో, చలిలో పలుచని అట్ట బూట్లు: నీరు చొరని పొర మేలా, జాలీ గుడ్డ మేలా?

గ్లాస్గో_బాటసారి
నేను గ్లాస్గోలో ఉంటున్నాను. ఇంటి నుంచి ఆఫీసుకు నాలుగు కిలోమీటర్ల దూరం. అందులో సగం కెల్విన్ నది ఒడ్డున ఉన్న బాట, మిగతాది రాతిపలకలు పరిచిన పేవ్‌మెంటు. వేసవి అంతా మడమ దగ్గర ఎత్తు లేని, వేళ్ల దగ్గర వెడల్పుగా ఉండే పలుచని అట్ట (అడుగుభాగం) ఉన్న బూట్లతోనే నడుస్తాను. వాటికి అలవాటు పడ్డాక మామూలు బూట్లు తొడిగితే బొటనవేలు లోపలికి నొక్కుకుపోతోంది కాబట్టి వాటికి తిరిగి వెళ్లే ఉద్దేశం లేదు. చిక్కల్లా అక్టోబరు నుంచి మార్చి దాకా. పొద్దున బయలుదేరేటప్పుడు మూడు నుంచి ఎనిమిది డిగ్రీల చలి ఉంటుంది, ముసురు వదలదు, బాట నిండా కుళ్లిన ఆకులు ఉంటాయి. ఆఫీసు చేరేసరికి సాక్సులు తడిసి, చివరి రెండు వేళ్లకు స్పర్శ తెలియడం లేదు. నీరు చొరని పొర ఉన్న జత కొనాలా, లేక తడిసినా త్వరగా ఆరే జాలీ గుడ్డ జత చాలునా? పలుచని అట్ట గుండా కింది నుంచి వచ్చే చలిని ఎలా ఆపుకోవాలి? తడి ఆకుల మీద జారకుండా ఉండాలంటే అట్టలో ఏమి చూసుకోవాలి? సుమారు నూట ఇరవై పౌండ్ల దాకా పెట్టగలను.

సియాటిల్_తుంపర
పొర ఉన్నదే కొనండి. మా సియాటిల్‌లో ఏడాదికి పడే వాన సుమారు 950 మిల్లీమీటర్లు, అంటే హైదరాబాదు కంటే మరీ ఎక్కువేమీ కాదు. అయితే హైదరాబాదులో గంటసేపు కుమ్మరించి వెళ్లిపోయే వాన ఇక్కడ ఆరు నెలల పాటు తుంపరగా రాలుతూనే ఉంటుంది. ఇలాంటి తడి పైనుంచి కొద్దికొద్దిగా వస్తుంది కాబట్టి పొర దాన్ని బాగానే ఆపుతుంది. గోర్‌టెక్స్ వంటి పొరలకు మూలం 1969లో బాబ్ గోర్ సాగదీసి చూసిన టెఫ్లాన్ జాతి ప్లాస్టిక్కే. దానిలోని రంధ్రాలు నీటి బొట్టు కంటే ఇరవై వేల రెట్లు చిన్నవనీ, ఆవిరి అణువు కంటే ఏడు వందల రెట్లు పెద్దవనీ తయారీదారులు చెబుతారు. అందువల్ల వాన లోపలికి రాదు, చెమట ఆవిరి మాత్రం బయటికి పోతుంది. పైగా బయట చల్లగా, లోపల వెచ్చగా ఉన్నప్పుడే ఆవిరి చురుకుగా బయటికి నడుస్తుంది కాబట్టి మీ వాతావరణం ఈ పొరకు అనుకూలమైనదే. ఎండాకాలంలో మాత్రం అవి వేసుకోకండి.

కాలువగట్టు
పై సభ్యులు చెప్పింది ప్రయోగశాలలో నిజమే కానీ, మనం కొనే పలుచని బూట్లలో అధిక భాగం చీలమండ కిందికే ఆగిపోతాయన్న సంగతి మరిచిపోయారు. నీరు గుడ్డను చీల్చుకుని రానక్కరలేదు, పైనున్న నోటి గుండా వస్తుంది. ముఖ్యంగా జీన్స్ వేసుకుని నడిచేవారు ఒకసారి గమనించండి. ప్యాంటు అంచు గడ్డికి తగిలి తడుస్తుంది, ఆ తడి మెల్లగా సాక్సు పై అంచుకు అంటుకుంటుంది, అక్కడి నుంచి సాక్సే దాన్ని పాదం దాకా దింపుతుంది. ఒకసారి లోపలికి చేరాక పొర ఉన్న బూటు కుండలా నీటిని పట్టి ఉంచుతుంది, మరునాటికి కూడా ఆరదు. జాలీ బూటయితే నడుస్తుండగానే ప్రతి అడుగుకూ కొంత నీరు బయటికి చిమ్ముతుంది. నేను లీడ్స్ నుంచి వారాంతాల్లో కొండల మీదికి వెళుతుంటాను. అక్కడి పీట్ (కుళ్లిన మొక్కలతో ఏర్పడిన బురద) నేలలో చీలమండ దాకా దిగబడే చోట పొర ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. మెరీనో ఉన్ని సాక్సులు, జాలీ బూట్లు, ఎడతెగని నడక: నా మందు ఇదే.

అమ్మమ్మ_చెప్పులు
మా ఊళ్లో వాన మొదలవగానే అందరూ చెప్పులు విప్పి చంకన పెట్టుకుని నడిచేవారు. చెప్పులు తడవవు, అట్ట మందం సున్నా, వేళ్లకు కావలసినంత వెడల్పు. మీరంతా నూట ఇరవై పౌండ్లు పెట్టి వెతుకుతున్నది ఇదేనని అనుకుంటున్నాను.

సియాటిల్_తుంపర
అమ్మమ్మ గారి విధానాన్ని గ్లాస్గోలో జనవరిలో పాటిస్తే, దారిన పోయేవారు ఆగి ఒంట్లో బాగుందా అని అడుగుతారు.
కాలువగట్టు గారూ, మీ "ఎడతెగని నడక" అన్న షరతే ఇక్కడ అడ్డు. ప్రశ్న అడిగినవారు నడిచి వెళ్లి ఎనిమిది గంటలు కుర్చీలో కూర్చుంటారు. కదిలేటప్పుడు వెచ్చగా అనిపించే తడి పాదం, కదలిక ఆగిన పావుగంటకే మంచుగడ్డ అవుతుంది. కొండలకు సరిపోయే సూత్రం ఆఫీసు నడకకు పనికిరాదు. ప్యాంటు అంచుదే చిక్కయితే, బూటు నోటి మీదుగా జారే వాన ప్యాంటు ఒకటి పైన తొడుక్కుంటే సరిపోతుంది.

ఆంబూరు_అట్ట
నేను ఆంబూరులో బూట్ల తయారీలో పనిచేస్తున్నాను కాబట్టి వాదనలో కాకుండా వస్తువు గురించి కొన్ని మాటలు చెబుతాను.
బూటులోని పొర పైగుడ్డలో భాగం కాదు. లోపల సాక్సులాగా కుట్టి, కుట్ల మీద టేపు అంటించి దింపుతారు. మామూలు ట్రెక్కింగ్ బూటు అట్ట గట్టిగా ఉంటుంది కాబట్టి అది తక్కువగా వంగుతుంది. పలుచని అట్ట బూటు మాత్రం మునివేళ్ల కీలు దగ్గర ప్రతి అడుగుకూ పూర్తిగా మడత పడుతుంది, పొర కూడా అదే గీత మీద మళ్లీ మళ్లీ మడత పడుతుంది. అందుకే ఇలాంటి బూట్లలో పొర ముందుగా అక్కడే చిట్లడం మేము చూస్తుంటాం. రోజూ తొడిగే జత ఎన్నో ఏళ్లు నీటిని ఆపుతుందని ఆశించకండి.
రెండవది, పైగుడ్డ మీద నీటిని బొట్లుగా జార్చే పూత ఒకటి ఉంటుంది. అది అరిగిపోతే పొర చెడకపోయినా పైగుడ్డ నీటిని పీల్చి బరువెక్కుతుంది, చల్లబడుతుంది, ఆవిరి దారి మూసుకుపోతుంది. బూటు కారుతోందని చాలామంది ఫిర్యాదు చేసేది ఈ దశలోనే. కడిగి, ఆరనిచ్చి, పూతను మళ్లీ కొట్టుకుంటే సగం సమస్య తీరుతుంది.
మూడవది, దుకాణంలో బూటు నాలుకను, అంటే లేసుల కింద ఉండే పట్టీని పైకి ఎత్తి చూడండి. నాలుక రెండు పక్కలా బూటు గోడకు కుట్టి ఉండాలి. ఆ కుట్టు ఎంత ఎత్తు దాకా ఉందో నీటి నుంచి మీకు రక్షణ కూడా అంతవరకే. కొన్నిటిలో అది రెండవ లేసు రంధ్రం దగ్గరే ఆగిపోతుంది, అట్టపెట్టె మీద మాత్రం నీరు చొరదని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది.
ఇక పట్టు సంగతి. లోతైన పళ్లున్న అట్ట బురదకు మంచిది. తడిసిన నున్నటి రాయి మీద, మ్యాన్‌హోల్ మూత మీద, రోడ్డు మీద వేసిన తెల్లగీతల మీద పళ్లు చేసేదేమీ లేదు, అక్కడ పట్టు ఇచ్చేది రబ్బరు మెత్తదనమే. గోరుతో నొక్కితే కాస్త లొంగే రబ్బరు తడి రాయిని పట్టుకుంటుంది, కాకపోతే త్వరగా అరుగుతుంది. మీ దారికి పొట్టి పళ్లు, మెత్తని రబ్బరు, పళ్ల మధ్య ఆకులు ఇరుక్కోనంత ఎడం ఉన్న అట్టను చూసుకోండి.

చింతపల్లి_మంచు
మాది లంబసింగి పక్కనే. వాన లేకపోయినా డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున గడ్డిలో పది నిమిషాలు నడిస్తే బూటు ముందుభాగం పిండుకునేంత తడుస్తుంది. వానకంటే మంచే తొందరగా తడుపుతుందని ఇక్కడికి వచ్చే పర్యాటకులకు చెబితే నమ్మరు. నూలు సాక్సులు, కాన్వాస్ బూట్లు వేసుకుని చెరువులవేనం వ్యూ పాయింటుకు ఎక్కుతారు, పైన మేఘాలను చూస్తూ నిలబడతారు, దిగేటప్పుడు వణుకుతూ టీ కొట్టు పొయ్యి ముందు బూట్లు విప్పుతారు. నా అభిప్రాయంలో ఈ చర్చలో బూటుకు ఇచ్చినంత స్థానం సాక్సుకు ఇవ్వడం లేదు. నూలు తడిస్తే ఇక వెచ్చదనం ఉండదు. ఉన్ని తన బరువులో మూడో వంతుకు దగ్గరగా చెమ్మను పీల్చుకున్నా చర్మానికి తడి తెలియనివ్వదు. నేను సంచిలో ఎప్పుడూ ఇంకొక ఉన్ని జత ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉంచుకుంటాను. ఆఫీసుకు వెళ్లేవారికి ఇది ఇంకా తేలిక, సొరుగులో పెట్టుకోవచ్చు.

పాదం_సంగతి
నేను ఫిజియోథెరపిస్టును. బూట్ల ఎంపికలోకి వెళ్లే ముందు ఒక హెచ్చరిక చేయాలి, ఎందుకంటే ఈ చర్చ చదివేవారిలో మధుమేహం ఉన్నవారు తప్పకుండా ఉంటారు. అరికాలి స్పర్శ తగ్గినవారికి పలుచని అట్ట మంచిది కాదు. గాజుపెంకు గుచ్చుకున్నా, తడికి చర్మం నాని చీలినా వారికి తెలియదు, ఆ పుండు మానడానికి నెలలు పడుతుంది. ప్రశ్న అడిగినవారు చివరి రెండు వేళ్లకు స్పర్శ తెలియడం లేదన్నారు. అది చలి వల్లనే అయితే ఆఫీసులో వెచ్చబడ్డాక పూర్తిగా తిరిగి రావాలి. రాకపోతే బూట్లు మార్చడం కాదు, వైద్యుడికి చూపించుకోవాలి. గడ్డకట్టే చలి లేదు కదా అని నిశ్చింతగా ఉండకండి. పాదం ఎడతెగకుండా తడిగా ఉంటే పదహారు డిగ్రీల దగ్గర కూడా ట్రెంచ్ ఫుట్, అంటే తడికి, చలికి పాదం చర్మం, నరాలు దెబ్బతినే జబ్బు రావచ్చు.
కొత్తగా మారేవారికి ఇంకొక మాట. మామూలు పరుగు బూట్లలో మడమ మునివేళ్ల కంటే పది, పన్నెండు మిల్లీమీటర్లు ఎత్తున ఉంటుంది. ఆ ఎత్తు ఒక్కసారిగా పోతే పిక్క కండరం, మడమ వెనుక స్నాయువు (అకిలీస్ టెండన్) మీద భారం పెరుగుతుంది. 2013లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో, పది వారాల్లో పలుచని ఐదువేళ్ల బూట్లకు (ఒక్కో వేలికి విడిగా అర ఉండేవి) మారిన పరుగుదారులలో పాదపు ఎముకల మజ్జలో వాపు ఎక్కువగా కనిపించింది. అది పరుగు. నడకకు సంబంధించి ఫలితాలు ఆశాజనకంగానే ఉన్నాయి. లివర్‌పూల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో ప్రచురించినదాని ప్రకారం, ఆరు నెలల పాటు రోజువారీ పనులకు ఇలాంటి బూట్లు వాడినవారి పాదాల బలం సగటున 57 శాతం పెరిగింది. కాబట్టి మెల్లగా మారండి, అదీ వేసవిలో మొదలుపెట్టండి. చలికి బిగుసుకున్న పిక్కలతో, జారే నేల మీద కొత్త అలవాటు నేర్చుకోవడం తెలివైన పని కాదు.

గుండ్రాయి
ఈ "పాదాల బలం" మాటలు వినగానే నాకు అనుమానం వస్తుంది. ఐదువేళ్ల బూట్లు అమ్మిన వైబ్రమ్ సంస్థ ఆరోగ్య ప్రయోజనాల ప్రచారంపై అమెరికాలో దావా ఎదుర్కొని, 2014లో ముప్పై ఏడున్నర లక్షల డాలర్లకు రాజీ పడింది కదా? అసలు పలుచని బూటు అని దేన్ని అంటారో కూడా తేలలేదు. రెండున్నర సెంటీమీటర్ల మెత్త ఉన్న ఆల్ట్రా కంపెనీ జతను కూడా ఇదే గాటన కడుతున్నారు.

పాదం_సంగతి
రాజీ నిజమే, అయితే తప్పు చేశామని ఆ సంస్థ ఒప్పుకోలేదు, నేను ఉదహరించిన లివర్‌పూల్ ఫలితం దాని తరువాత ఏడేళ్లకు వచ్చింది. నిర్వచనం తేలలేదనడం సరికాదు. 2015లో పదకొండు దేశాలకు చెందిన 42 మంది నిపుణులు ఒక కొలమానంపై ఏకీభవించారు. బరువు, వంగే గుణం, అట్ట మందం, మడమకూ మునివేళ్లకూ మధ్య ఎత్తు తేడా, పాదాన్ని కట్టడి చేసే అమరికలు అనే ఐదు అంశాలకు మార్కులు వేస్తారు. ఆ లెక్కన ఆల్ట్రాలకు ఎత్తు తేడాలో మంచి మార్కులు వస్తాయి, మందంలో రావు. అయినా నన్ను అడిగితే చలికాలానికి ఆ మందమే ఒక వరం.

బెంగళూరు_గుట్టలు
పొర, జాలీ అని రెండు పక్షాలుగా విడిపోయిన పెద్దలు ఇద్దరూ వేర్వేరు ఉష్ణోగ్రతల గురించి మాట్లాడుతున్నారని నా అనుమానం. మేము వర్షాకాలంలో కుద్రేముఖ్ వైపు వెళుతుంటాం. వాగులు దాటక తప్పదు, కాళ్లు పొద్దంతా తడిగానే ఉంటాయి, కానీ గాలి పద్దెనిమిది, ఇరవై డిగ్రీలు ఉంటుంది కాబట్టి జాలీ బూట్లలో హాయిగా నడుస్తాం. మా బాధ తడి కాదు, జలగలు. జాలీ కన్నాల గుండా అవి దూరకుండా మోకాలి దాకా వచ్చే గుడ్డ సాక్సులు కట్టుకుంటాం. అదే జతను డిసెంబరులో హిమాచల్‌కు తీసుకువెళితే అరగంటలో పశ్చాత్తాపపడతాం. పన్నెండు, పదిహేను డిగ్రీలకు పైన జాలీ, దానికి దిగువన నీటిని ఏదో ఒక విధంగా ఆపడం అని నేను గీత గీసుకున్నాను.

కాలువగట్టు
బెంగళూరు_గుట్టలు గారి గీతతో నాకు పెద్ద పేచీ లేదు. కానీ "ఏదో ఒక విధంగా" అన్నదాంట్లో బూటు పొర ఒక్కటే లేదు. నీరు చొరని సాక్సులు దొరుకుతాయి.

గ్లాస్గో_బాటసారి
అవే అడుగుదామనుకుంటున్నాను. ఇక్కడి దుకాణాలలో చూశాను, చేతిలోకి తీసుకుంటే మందంగా, కాస్త కరకరలాడుతూ ఉన్నాయి. వాటిని పలుచని బూట్లలో వేసుకుంటే వేళ్లకు జాగా మిగులుతుందా?
పాదం_సంగతి గారూ, వేళ్ల స్పర్శ పది నిమిషాల్లో పూర్తిగా తిరిగి వస్తోంది, మధుమేహం లేదు. అయినా ఈసారి పరీక్షలు చేయించుకున్నప్పుడు అడుగుతాను.

కాలువగట్టు
ఉన్న కొలతలో మిగలదు. ఆ సాక్సుల్లో మూడు పొరలు ఉంటాయి: బయట నైలాను, మధ్యలో నీటిని ఆపే పొర, లోపల ఉన్ని లేదా అలాంటి మెత్తటి అల్లిక. అరసైజు పెద్ద బూటు తీసుకోక తప్పదు. వేళ్లను నొక్కేస్తే వెడల్పు బూటు కొన్న ప్రయోజనమే పోతుంది, నొక్కుడుకు రక్తం సరిగా ఆడక చలి ఇంకా ఎక్కువవుతుంది కూడా. గంటసేపు నడిచాక చెమటతో లోపల కొద్దిపాటి చెమ్మ ఉంటుంది, దాన్ని కారుతున్నదని పొరబడకండి. లాభం ఏమిటంటే ఇవి చీలమండ పైదాకా వస్తాయి, బూటు నోటి గుండా నీరు వచ్చినా భయం లేదు. ఆఫీసులో విప్పి, తిరగేసి వేలాడదీసి, మామూలు సాక్సులు వేసుకోవచ్చు. బూటు మీద పెట్టే డబ్బులో సగంలోపే పని జరుగుతుంది.

సియాటిల్_తుంపర
తిరగేసిన తడి సాక్సులు ఆఫీసులో ఎక్కడ వేలాడదీస్తారో కూడా దయచేసి చెప్పండి. నా పక్క సీటులో ఉన్నాయన ఒకసారి కుర్చీ వెనకాల ఆరేశాడు. మధ్యాహ్నానికి మిగిలినవాళ్లం మీటింగు గది వెతుక్కున్నాం.

నల్లరేగడి
పొర, జాలీ సంగతి అటుంచండి, అట్ట అంటుకుని ఉంటే అదే పదివేలు. పేరు చెప్పను కానీ, ఖరీదైన విదేశీ జత ఒకటి తెప్పించుకున్నాను. మొదటి వర్షాకాలం దాటకముందే బొటనవేలు దగ్గర అట్ట నోరు తెరిచింది. కంపెనీవారికి ఫొటోలు పంపితే అది మామూలు అరుగుదలేనని, హామీ వర్తించదని జవాబు వచ్చింది. చివరికి మా వీధి చివర చెప్పులు కుట్టే ఆయన పాత జిగురంతా గీకి, సొల్యూషన్ రాసి, కాసేపు గాలికి ఆరనిచ్చి అంటించి, చుట్టూ దారంతో కుట్టు వేశాడు. వంద రూపాయలు తీసుకున్నాడు. ఆ కుట్టు ఇప్పటికీ కదలలేదు.

ఆంబూరు_అట్ట
ఆయన చేసిందే సరైన పద్ధతి. జిగురును ఆరనివ్వకుండా తొందరపడి అంటిస్తే అది నిలవదు. పలుచని అట్టలో పక్కగోడ ఎత్తు తక్కువ కాబట్టి జిగురు పట్టే చోటు కూడా తక్కువే, అందుకే కొనేటప్పుడు అట్ట చుట్టూ కుట్టు ఉన్నదో లేదో చూడమంటాను. అయితే ఆ కుట్టు పొరను దాటిందంటే అక్కడి నుంచి నీరు వస్తుంది. రెండూ కావాలంటే కుట్టు అంచు పట్టీ వరకే ఉండాలి.
చలి దేశాల్లో ఉన్నవారు తడి బూట్లను హీటరు మీద పెట్టి తామే అట్టను ఊడదీసుకుంటుంటారు. వేడికి జిగురు మెత్తబడుతుంది, తోలు పెళుసెక్కి పగుళ్లిస్తుంది. లోపలి అట్ట (బూటులో పాదం కింద పరిచి ఉండేది) తీసేసి, నలిపిన వార్తాపత్రికలు కుక్కి, గంటకోసారి మార్చుతూ, గాలి ఆడే చోట పక్కకు పడుకోబెట్టండి. తోలు జతయితే ఆరిన తరువాత తేనెమైనం కలిసిన పాలిష్ కుట్ల మీద పట్టించాలి.

మామిడితోపు
కొలత గురించి ఎవరూ చెప్పలేదు. సాయంత్రం పూట, చలికాలంలో వేసుకోబోయే ఉన్ని సాక్సులే తొడుక్కుని, కాగితం మీద నిలబడి పాదం చుట్టూ పెన్సిలుతో గీయించుకోండి. కూర్చుని గీసుకుంటే పాదం మీద బరువు పడక గీత చిన్నదిగా వస్తుంది. పెద్ద పాదానికి ముందు ఒక సెంటీమీటరు, కాస్త ఎక్కువ ఖాళీ ఉంచుకోవాలి. దుకాణంలో లోపలి అట్ట బయటికి తీసి దాని మీద నిలబడితే మీ వేళ్లు అంచు దాటుతున్నాయో లేదో వెంటనే తెలిసిపోతుంది. ఆన్‌లైన్లో తెప్పించుకుంటే రెండు రోజులు ఇంట్లో తివాచీ మీదే నడవండి. ఒక్కసారి బయట బురద తగిలిందంటే వెనక్కి తీసుకోరు.

గ్లాస్గో_బాటసారి
ఒక నిర్ణయానికి వచ్చాను. పొర ఉన్న, చీలమండ దాటే ఎత్తున్న జతను అరసైజు పెద్దది చూసి ఆఫీసు నడకకు తీసుకుంటాను. నాలుక కుట్టు ఎక్కడి దాకా ఉందో చూడకుండా డబ్బు కట్టను. నా పాత జాలీ జతను నీరు చొరని సాక్సులతో వారాంతాలకు ఉంచుకుంటాను. ఆఫీసు సొరుగులో పొడి ఉన్ని సాక్సులు పెడతాను, సియాటిల్ గారి పక్క సీటాయనను తలచుకుని తడివాటిని మూత ఉన్న డబ్బాలో ఉంచుతాను. కింది నుంచి వచ్చే చలి ఒక్కటే మిగిలింది. ఐదు మిల్లీమీటర్ల ఉన్ని ఫెల్ట్ (ఒత్తి గట్టిపరిచిన ఉన్ని గుడ్డ) అట్టను లోపల వేస్తే సరిపోతుందా?

అమ్మమ్మ_చెప్పులు
పలుచని బూటు కొని, లోపల మందం అట్ట వేసి, పైన మూడు పొరల సాక్సు తొడిగి, మళ్లీ అరసైజు పెంచారు. ఇక మిగిలింది మడమ ఎత్తొక్కటే.

ఆంబూరు_అట్ట
అమ్మమ్మ గారి వెటకారంలో న్యాయం ఉంది. ఐదు మిల్లీమీటర్లు వేస్తే పాదం పైకి లేచి వేళ్ల మీది కప్పు తగులుతుంది, లేసులు బిగించక తప్పదు. మూడు మిల్లీమీటర్ల ఫెల్ట్ చాలు. అదీ బూటుతో వచ్చిన లోపలి అట్టను తీసేసి దాని స్థానంలో వేయాలి, దాని మీద కాదు. ఫెల్ట్ చెమ్మను పీలుస్తుంది కాబట్టి రాత్రి తప్పకుండా బయటికి తీసి ఆరబెట్టండి. రెండు జతలు కొనుక్కుని రోజు మార్చి రోజు వాడితే మేలు.

చింతపల్లి_మంచు
ఆ ఫెల్టును కొత్తగా కొననక్కరలేదు. పాత ఉన్ని కంబళి ముక్క మీద లోపలి అట్టను పెట్టి గీసి కత్తిరించుకోవచ్చు. మా ఇంట్లో అందరి బూట్లలోనూ అవే ఉన్నాయి.